రాప్ గారి చప్పుళ్ళ పుస్తకం

ఇరవై ఆరేళ్ళు స్టుట్‌గార్ట్ కొండ రోడ్ల మీద ట్రామ్ నడిపినదాన్ని నేను. బ్రేకు కీచుమన్నా, చక్రం అరిగి కొట్టుకున్నా, ఎక్కడి చప్పుడో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. అలాంటి నన్ను పట్టుకుని, మా కింది వాటాలో ఉండే గెబ్‌హార్ట్ రాప్ గారు మెట్ల మీద ఆపి, "మీ వాషింగ్ మెషిన్ ఎంత చప్పుడు చేస్తోందో మీకసలు తెలుస్తోందా, కిమ్మిక్ గారూ?" అని అడిగారు.

తెలియకేం. బట్టలు పిండే వేళ వచ్చిందంటే స్నానాలగదిలో పళ్ళ బ్రష్షు గ్లాసులోంచి ఎగిరి బేసిన్‌లో పడేది. మెషిన్ గోడ దగ్గర బయలుదేరి తలుపు దాకా నడిచి వచ్చేది. దాన్ని ఆపడానికి నేను వీపు ఆనించి, రెండు కాళ్ళూ టబ్బుకు తన్నిపెట్టి, ఏడు నిమిషాలు అలాగే ఊగుతూ నిలబడేదాన్ని. డెబ్బై ఒక్కేళ్ళ వయసులో, తుంటి ఎముక మార్పించుకున్నాక, ఇదీ నా భాగ్యం.

రాప్ గారు అడిగి ఊరుకునే రకం కాదు. ఇల్లుగలావిడ డోల్కర్ గారికి ఉత్తరం రాశారు. సోమవారం పొద్దున్నే ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"శనివారం పదకొండింటికి వస్తున్నానండీ. నా చెవులతో నేనే వింటాను. నిజంగా అంత చప్పుడైతే మాత్రం మెషిన్ కిందికి దింపించేస్తాను. సెల్లార్‌లో అందరివీ ఉన్నాయిగా, మీదీ అక్కడే ఉంటుంది," అంది.

నాలుగో అంతస్తు నుంచి సెల్లార్‌కు తొంభై రెండు మెట్లు. లిఫ్టు లేదు. తడిబట్టల బుట్ట పట్టుకుని ఈ తుంటితో ఆ మెట్లు ఎక్కి దిగితే నెల తిరగకముందే ఎక్కడో ఒకచోట పడతాను. నేను పడడం కోసమే మా మేనల్లుడి పెళ్ళాం కాచుకుని కూర్చుంది. పోయిన క్రిస్మస్‌కు కేకుతో పాటు వృద్ధాశ్రమం కాగితాలు కూడా పెట్టి పంపిన మహాతల్లి. అంటే మెషిన్ కిందికి దిగిందంటే, దాని వెనకే నేనూ దిగాల్సిందే. ముప్పై ఒక్కేళ్ళుగా ఉన్న ఇల్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే నేను నడిపిన ట్రామ్ లైను మలుపు తిరుగుతూ కనిపిస్తుంది.

అసలు ఆ మెషిన్‌ను బిగించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ రాప్ గారే.

ఆరు వారాల కిందట పాతది చచ్చిపోతే కొత్తది తెప్పించాను. తెచ్చినవాళ్ళు పైదాకా మోసి, బిగించాలంటే వేరే ఇవ్వాలన్నారు. మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి వింటున్న రాప్ గారి ప్రాణం ఉసూరుమంది. "రెండు పైపులు తిప్పడానికి డబ్బా? పంపించేయండి వాళ్ళని. నేను తిప్పుతాను," అన్నారు. మా వైపు మనుషులకు అక్కర్లేని ఖర్చు తప్పిస్తే కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. ఖర్చు పక్కవాళ్ళదైనా సరే.

ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి దిగినవారు. ఇప్పుడు డెబ్బై తొమ్మిది. రసమట్టం తెచ్చి మెషిన్ నెత్తిన పెట్టి, నేలమీద బోర్లా పడుకుని, దాని కాళ్ళు తిప్పారు, మళ్ళీ తిప్పారు, బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చేదాకా గంటంబావు తిప్పారు. మెషిన్‌తో వచ్చిన పుస్తకానికి బొక్కలు వేసి, ఫైలుకు ఎక్కించి, దాని వీపున గుండ్రటి అక్షరాలతో 'మెషిన్' అని రాసి, నా అలమారలో నిలబెట్టి వెళ్ళారు. దాన్ని ఆయనా చదవలేదు, నేనూ చదవలేదు. ఫైలులో పెట్టాక చదివేసినట్టే కదా.

మర్నాడే గుద్దుడు మొదలైంది. నేను కిందికి వెళ్ళి తలుపు కొట్టాను.

"నేను సరిగ్గానే పెట్టాను. బుడగ మీరూ చూశారు. మీరు వాడడంలోనే ఏదో తేడా ఉంది," అన్నారాయన.

"యాభై ఏళ్ళుగా బట్టలు ఉతుకుతున్నానండీ."

"అందుకే. అలవాటైపోయి చూసుకోరు."

ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి, మెట్ల మీద ఆపి అడిగిన ఆ ఒక్క ప్రశ్న తప్ప, మాటల్లేవు. మాటల బదులు ఆయన పుస్తకం పెట్టారు. ఏ రోజు, ఏ నిమిషం, ఎలాంటి చప్పుడు, ఎంతసేపు, అన్నీ అందులోకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఫిర్యాదు చేశాక అవతలి మనిషికి నకలు ఇవ్వకపోవడం అన్యాయమట. అందుకని రోజూ సాయంత్రం ఆరింటికి ఆ రోజు పేజీ నకలు నా ఉత్తరాల పెట్టెలో పడేది.

'మంగళవారం. 10.42. గుద్దుడు, వరసగా. 7 నిమిషాలు. మా భోజనాల గది దీపం ఊగింది.'

'గురువారం. 10.38. గుద్దుడు. 7 నిమిషాలు. 10.46. పైన ఒక స్త్రీ కంఠం. బూతులు. 2 నిమిషాలు.'

ఒక స్త్రీ కంఠమట. ఆ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే అని తెలియనట్టు.

నాకు కోపం వస్తే ఏడుపు రాదు, అల్లరి వస్తుంది. చిన్నప్పటి జబ్బు, ఇంకా వదల్లేదు. ఒకరోజు పదింబావుకు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, ఒకదాన్ని చెయ్యి చాచి వదిలేశాను. అది టప్పున పడి బల్ల కిందికి దొర్లింది. సాయంత్రం నకలు కోసం మెట్లు దిగుతుంటే తుంటి నొప్పి కూడా గుర్తులేదు.

'10.15. గుండ్రటి వస్తువు పడింది. దొర్లింది. బంగాళాదుంప.'

నవ్వలేక చచ్చాను. మర్నాడు అదే వేళకు ఉల్లిపాయ పడేశాను.

'10.15. మళ్ళీ పడింది. మొదటిదానికన్నా తేలిక. ఉల్లిపాయ, లేదా చిన్న బంగాళాదుంప.'

ఆ చెవులకు దండం పెట్టాలి. మూడో రోజు చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాను, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. సాయంత్రం నకలు చూస్తే, '10.15. ఏమీ పడలేదు,' అని ఉంది. అంటే పాపం, పెన్సిలు పట్టుకుని పైకప్పు వంక చూస్తూ కూర్చున్నారన్నమాట. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

అల్లరి సంగతి అలా ఉంచితే, డోల్కర్ గారి ఫోన్ వచ్చాక నాకు నవ్వు ఆగిపోయింది. శనివారానికి ఐదు రోజులే ఉంది. ఈ గుద్దుడు ఎక్కడిదో పట్టుకోవాలి. రిపేరు మనిషిని పిలిస్తే మూడు వారాల తర్వాత వస్తానన్నాడు. సరే, నేనే దిగాను.

సోమవారం మెషిన్ కింద ఉన్న ఫిల్టరు విప్పాను. గదంతా నీళ్ళు, ఒక చొక్కా గుండీ, రెండు తలపిన్నులు బయటికి వచ్చాయి. ఇదే అయి ఉంటుందని సంబరపడి బట్టలు వేశాను. సాయంత్రం నకలు: 'గుద్దుడు. ఎప్పటిలాగే.'

మంగళవారం కాళ్ళ కింద దళసరి రబ్బరు చాప పరిచాను. 'గుద్దుడు. కాస్త మెత్తగా. కానీ ఇప్పుడు తలుపు వైపు నుంచి వస్తోంది.' నిజమే, చాప మీద ఇంకా హుషారుగా నడిచింది అది.

బుధవారం దుప్పట్లు మానేసి రెండే తువ్వాళ్ళు వేశాను. 'ఎప్పటిలాగే.'

గురువారం విసుగెత్తి, ఏమీ వేయకుండా ఖాళీ డ్రమ్ము తిప్పాను. సాయంత్రం మెట్ల మీదే నిలబడి కాగితం విప్పాను. 'గుద్దుడు. ఎప్పటిలాగే. రవ్వంత తేడా కూడా లేదు.'

పళ్ళు నూరుతూ రెండు మెట్లు ఎక్కి, ఆగిపోయాను. రవ్వంత తేడా కూడా లేదని ఎవరంటున్నారు? ఉల్లిపాయకూ బంగాళాదుంపకూ తేడా చెప్పిన చెవులు. బట్టలున్నా, లేకపోయినా ఒకటే చప్పుడంటే తప్పు బట్టలది కాదు, నాది కాదు. ఖాళీ ట్రామ్ కూడా కొట్టుకుంటోందంటే ప్రయాణికులను తిట్టి ఏం లాభం, బండి కిందికి దూరి చూడాలి. నాలుగు రోజులుగా నేను నీళ్ళలో తడుస్తూ వెతుకుతున్నది ఆయన కింద కూర్చుని తేల్చేశారు. ఆయనకే ఆ సంగతి తెలియదు.

శుక్రవారం పొద్దున ఆ ఫైలు తీశాను. 'మెషిన్' అని గుండ్రటి అక్షరాలు. నాలుగో పేజీలో ఎర్ర గీతల పెట్టె గీసి, ఇంతలేసి అక్షరాల్లో రాసి ఉంది. దారిలో డ్రమ్ము కదలకుండా వెనక వైపు నాలుగు బోల్టులు బిగించి పంపుతాం, వాడే ముందు వాటిని తప్పకుండా తీసేయాలి, తీయకపోతే విపరీతంగా అదురుతుంది.

మెషిన్‌ను ఇవతలికి లాగి వెనక్కి తొంగిచూశాను. నాలుగూ ఉన్నాయి, ఎర్ర టోపీలు పెట్టుకుని. ఆరు వారాలుగా పాపం దాన్ని నాలుగు పక్కలా కట్టేసి, నిమిషానికి వెయ్యిసార్లు తిరగమని అడుగుతున్నాం. పానా తెచ్చి ఒక్కొక్కటే విప్పాను. దుప్పట్లు కుక్కి మీట నొక్కాను. పిండే వేళ వచ్చినట్టే తెలియలేదు. నడుస్తోందా లేదా అని పైన చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. టబ్బు అంచున కూర్చుని ఏడ్చాను. సిగ్గెందుకు, ఇల్లు దక్కిందని ఏడ్చాను.

కిందికి వెళ్ళి రాప్ గారికి చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ రోజు కావాలని రెండుసార్లు బట్టలు ఉతికాను. సాయంత్రం నకలులో, 'శుక్రవారం. మెషిన్ వాడలేదు,' అని ఉంది. దాన్ని చదువుకుంటూ పప్పు వండుకుని, సాసేజ్ ముక్కలు వేసుకుని, లొట్టలేసుకుంటూ తిన్నాను. రేపు ఆయన్ని ముందు బాగా చదవనివ్వాలి. తర్వాత మెషిన్ తిప్పాలి. ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాక, నాలుగు బోల్టులూ బల్ల మీద పెట్టి, 'బిగించిన మహానుభావుడు ఎవరో చెప్పండి' అని అడగాలి. ఇదీ నా పథకం.

శనివారం మంచి జాకెట్టు వేసుకున్నాను. జడలా అల్లిన తీపిరొట్టె కాల్చి పెట్టాను. బోల్టులు లంగా జేబులో ఉన్నాయి. పదకొండుకు ఐదు నిమిషాల ముందే డోల్కర్ గారు వచ్చింది, ఆవిడ వెనకే మెడకు టై కట్టుకుని, చంకలో ఫైలుతో రాప్ గారు.

"ముందు నేను చదువుతాను," అన్నారాయన.

"చదవండి చదవండి, నాకేం తొందర," అన్నాను.

ఆరు వారాలూ చదివారు. డోల్కర్ గారు మధ్యమధ్య ఆయన ముఖం వంక చూస్తోంది. అయ్యాక ముగ్గురం స్నానాలగదిలోకి వెళ్ళాం. తడి దుప్పట్లు డ్రమ్ములో సిద్ధంగా పెట్టి ఉంచాను. పిండే మీట నొక్కాను. మెషిన్ తిరిగింది, వేగం అందుకుంది, పిల్లి గురకలాంటి చప్పుడు తప్ప ఏమీ లేదు. బేసిన్ మీద పళ్ళ బ్రష్షు కదలలేదు.

రాప్ గారు ఫైలు నా చేతికిచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. చెవి మెషిన్‌కు ఆనించారు. లేచి వెనక చూడబోయి, మళ్ళీ చెవి ఆనించారు. "ఇది కాదు. ఇలా కాదు. గురువారం దాకా..." అన్నారు. ఇక్కడిదాకా నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

డోల్కర్ గారు ఆయన మీద కోప్పడి ఉంటే ఆ హాయి అలాగే ఉండేది. ఆవిడ కోప్పడలేదు. భుజం పట్టుకుని లేపింది.

"రండి రాప్ గారూ, కాసేపు కూర్చుందాం," అంది. జ్వరంతో ఉన్న పసివాళ్ళతో మాట్లాడే గొంతు. వంటింట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. "పోయినవారం మీ అమ్మాయి ఇర్మెలా ఊల్మ్ నుంచి ఫోన్ చేసిందండీ. ఈ కాగితాలు తనకీ పంపిస్తున్నారట కదా. ఫోన్లో ఏడ్చేసింది. 'మా నాన్నకి బంగాళాదుంపలు వినిపిస్తున్నాయి. ఏమీ పడకపోతే అది కూడా టైము వేసి రాస్తున్నాడు' అంది. మిమ్మల్ని ఇంక ఒంటరిగా ఉంచకూడదనుకుంటోంది. ఊల్మ్‌లో ఒకచోట గది కూడా చూసిందట. నేనేమో, ముందు ఆ మెషిన్ విననివ్వమ్మా అన్నాను. విన్నాను కదా ఇప్పుడు."

రాప్ గారు రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నారు. నా వంక చూసి, "నాకు వినిపించింది," అన్నారు. ఆరోపణ లేదు అందులో. నిజంగా వినిపించిందా అని నన్నే అడుగుతున్నారు.

డోల్కర్ గారి ఆ మెత్తటి గొంతు నాకు తెలుసు. మా మేనల్లుడి పెళ్ళాం నాతో మాట్లాడేది ఆ గొంతుతోనే. ఒకసారి ఎవరైనా మనతో అలా మాట్లాడడం మొదలుపెడితే, తర్వాత మనం ఏం చెప్పినా అది జబ్బు కిందే లెక్క.

నాలుగు బోల్టులూ తీసి బల్ల మీద పెట్టాను. "ఆయన రాసిన ప్రతి నిమిషం నిజమండీ. దీపం ఊగిందంటే ఊగే ఉంటుంది. ఇవి తీయకుండా ఆరు వారాలు తిప్పాను. నిన్న పొద్దున తీశాను."

డోల్కర్ గారు ఒక బోల్టు చేతిలోకి తీసుకుంది. "ఇవి తీయకుండా బిగించిన తెలివైనవాడెవడు?"

నిన్నటి నుంచి ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. రాప్ గారి ముఖం చూశాను. "తెచ్చినవాళ్ళు," అన్నాను.

"కాదు," అన్నారు రాప్ గారు. "నేను."

"ఏదో లెండి, ఎవరైతేనేం..."

"నేనే బిగించాను. బోల్టులు చూశాను కూడా. ఎర్ర టోపీలు ఉన్నాయి. ఎర్రది పెట్టారంటే సీలు వేశారని. సీలు ముట్టుకున్నారని ముప్పై ఎనిమిదేళ్ళు దుకాణాలవాళ్ళకి జరిమానాలు వేసినవాణ్ని, నేనే ఎలా ముట్టుకుంటానండీ?"

డోల్కర్ గారికి నవ్వు రాబోయి ఆగింది. "సరే, మెషిన్ సంగతి తేలింది," అంది. గొంతు మాత్రం ఇంకా అదే. "మరి బంగాళాదుంపలో?"

ఇది నేను అనుకోలేదు. కావాలని చప్పుడు చేసినదాన్ని ఇంట్లో ఉండనివ్వాల్సిన పని ఆవిడకు లేదు. నిన్న దక్కిందనుకున్న ఇల్లు మళ్ళీ నా నాలుక చివరికి వచ్చి కూర్చుంది. మాట్లాడకుండా ఉంటే చాలు, నా మెషిన్, నా కిటికీ, నా నాలుగో అంతస్తు నాకే ఉంటాయి. ఆయనను తీసుకుని ఊల్మ్ వెళ్ళిపోతుంది ఆ పిల్ల.

"అవి నేనే పడేశాను," అన్నాను. "కావాలనే. పదింబావుకి. ఆయన రాస్తారా లేదా చూద్దామని."

చెవుల దాకా ఎర్రబడిపోయాను, నాకు తెలుస్తూనే ఉంది.

"రెండో రోజు ఉల్లిపాయేనా?" రాప్ గారు అడిగారు.

"ఉల్లిపాయే."

"మూడో రోజు?"

"ఏమీ పడేయలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను."

ఆయన వీపు నిటారుగా అయింది. చేతులు బల్ల మీద నుంచి తీసి టై సర్దుకున్నారు.

డోల్కర్ గారు మా ఇద్దరి వంకా చాలాసేపు చూసింది. "మీ ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్ళు," అంది చివరికి. ఆ మెత్తటి గొంతు పోయి ఇల్లుగలావిడ గొంతు వచ్చింది, ప్రాణం లేచొచ్చింది నాకు. "మెషిన్ ఎక్కడుందో అక్కడే ఉంచుకోండి. ఇంకొక్క కూరగాయ కిందపడిందని నా చెవిన పడిందో, ఇద్దరి సామాన్లూ వీధిలో ఉంటాయి." రెండు ముక్కలు రొట్టె కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

రాప్ గారు లేవలేదు. కాఫీ పోసిస్తే తాగలేదు.

"ఇర్మెలా నా మాట నమ్మదు," అన్నారు. "నేనేం చెప్పినా, 'సరే నాన్నా, సరే' అంటుంది. మీరు చెప్పండి కిమ్మిక్ గారూ. ఇప్పుడే."

ఇల్లుగలావిడ ముందు పోయిన పరువు చాలదన్నట్టు, ఇప్పుడు ఊల్మ్‌లో కూడానా అనుకున్నాను. ఆయన నంబరు నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. బోల్టుల నుంచి మొదలుపెట్టి ఉల్లిపాయ దాకా, ఏమీ దాచకుండా చెప్పాను.

"ఎందుకండీ అలా చేశారు?" అని అడిగింది ఆ పిల్ల.

రాప్ గారి వంక చూశాను. ఆయనా జవాబు కోసమే చూస్తున్నారు.

"ఎందుకేమిటమ్మా, మీ నాన్న నన్ను అంతగా విసిగించారు. పొద్దున లేచింది మొదలు ఆయన మీద కోపంతోనే బతికాను ఈ ఆరు వారాలూ."

అవతల ముక్కు చీదిన చప్పుడు, తర్వాత ఒక నవ్వు వినిపించాయి.

"అయితే నాన్న బాగానే ఉన్నారన్నమాట," అంది.

ఫోన్ ఆయన చేతికిచ్చాను.